వీడ్కోలు పుస్తకంలో నాలుగో నంబరు

పుస్తకం పోయిన రోజున కాలేజీలో అందరూ ఉన్నారు. ఎవరూ లేని రోజున పోతే దొంగ వచ్చాడనుకుని సరిపెట్టుకోవచ్చు. అందరూ ఉండగా పోతే ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది.

అది పెద్ద టీచరు సంతాప సభ జరిగిన రోజు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆ కాలేజీని పెట్టి, మొదటి ప్రిన్సిపాలై, చివరిదాకా ఆ కుర్చీలోనే ఉన్న మనిషి ఆవిడ. పోయి నాలుగు రోజులైంది. హాల్లో బల్ల మీద ఆవిడ ఫొటో పెట్టి, పక్కన వీడ్కోలు పుస్తకం పెట్టారు. పొడుగ్గా, సన్నగా, గోధుమ రంగు గుడ్డ అట్టతో ఉండే పుస్తకం. పన్నెండు గంటలకు అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచేసరికి ఫొటో ఉంది, పుస్తకం లేదు.

ముందుగా చూసింది చిన్న టీచరు. ఆమె పెద్ద టీచరుకు స్వయానా చెల్లెలు, అదే కాలేజీలో లెక్కలు చెబుతుంది. వయసు యాభై అయిదు. తల నెరిసింది, మోకాళ్లు అరిగాయి, కళ్లజోడు రెండుసార్లు మారింది, పేరు మాత్రం చిన్న టీచరుగానే మిగిలిపోయింది. "ఇంకో ఇరవై ఏళ్లు బతికినా నువ్వు చిన్నదానివే" అని ఆఫీసు వదిన ఎగతాళి చేసేది. ఆఫీసు వదిన ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఎవరికీ వరసకు వదిన కాదు, నోటికి మాత్రం అందరికీ వదినే.

"గాలికి పడిపోయిందేమో చూడండి," అంది వదిన.

గాలి లేదు. బల్ల కింద లేదు, కుర్చీల కింద లేదు. ఇరవై ఆరు మంది స్టాఫు సంచులు విప్పి చూపించారు. గంట కొట్టే తాత తన పాత కోటు జేబులు కూడా బయటికి లాగి చూపించాడు, రెండింట్లోనూ బఠాణీలు తప్ప మరేమీ లేవు. సాయంత్రం దాకా వెతికి అందరూ వెళ్లిపోయారు. చిన్న టీచరు మాత్రం ఖాళీ బల్ల దగ్గర నిలబడి ఉంది.

ఆమెకు కావలసింది పుస్తకమంతా కాదు, అందులో ఒక్క గడి.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. చేరిన రోజున ప్రతి మనిషి పేరూ ఆ పుస్తకంలో నంబరు వేసి రాసుకునేవారు, విద్యార్థులైనా స్టాఫయినా సరే. పేరు ఎదుట ఒక గడి ఖాళీగా ఉంచేవారు. ఆ మనిషి కాలేజీ విడిచి వెళ్లే రోజున పెద్ద టీచరు గది తలుపు దగ్గరగా వేసుకుని, ఆ గడిలో ఒకే ఒక్క వాక్యం రాసి, వాళ్లను ఎదుట నిలబెట్టి చదివి వినిపించేది. "ఈమె తెలియనిదాన్ని తెలియదని చెప్పగలదు." "ఈమెకు కోపం వచ్చిన రోజున పాఠం బాగా చెబుతుంది, కోపం రాని రోజుల సంగతి చూసుకోవాలి." పొగడ్త ఉండేది కాదు, తిట్టూ ఉండేది కాదు. విన్నవాళ్లు మాత్రం ఎక్స్‌రే తీయించుకున్నట్టు కాసేపు మాట్లాడలేకపోయేవారు. డిగ్రీ కాగితం పోగొట్టుకున్నవాళ్లున్నారేమో గానీ ఆ వాక్యం మరిచిపోయినవాళ్లు లేరు.

చిన్న టీచరు నంబరు నాలుగు. ఆమె కాలేజీ విడిచి వెళ్లలేదు. చదువు ముగిసిన మర్నాడే అక్కడే పాఠం చెప్పడం మొదలుపెట్టింది. మొదటి జట్టు తొమ్మిది మందిలో ఎనిమిది గడులు ఎప్పుడో నిండిపోయాయి. నాలుగోది ముప్పై ఎనిమిదేళ్లుగా తెల్లగా ఉంది.

"నాది ఎప్పుడు రాస్తావక్కా?" అని అప్పుడప్పుడు అడిగేది.

"వెళ్లే రోజున రాస్తాను. వెళ్తున్నావా?"

"లేదు."

"అయితే క్లాసుకు నడు."

ఆసుపత్రిలో ఉండగా ఒక మధ్యాహ్నం అక్క తనంతట తానే కళ్లు తెరిచి, "నీది రాయాలి, పుస్తకం తీసుకురా" అంది. మందు ఎక్కించే సీసా అప్పుడే మార్చారు. నర్సు మాట్లాడించవద్దంది. "రేపు తెస్తానక్కా, పడుకో" అంది చెల్లెలు. ఆ రేపటికి అక్క లేదు.

*

ఆ కాలేజీ మొదలైంది మూతపడ్డ తాళ్ల గోదాంలో. గోడల్లోంచి నార వాసన పదేళ్ల దాకా పోలేదు. నల్లబల్ల కొనే స్తోమత లేక ఒక తలుపు ఊడదీసి దానికి నల్ల రంగు పూశారు. అక్కకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ఆడపిల్లల్ని టీచర్లుగా తయారు చేసే కాలేజీ అంటూ ఇంటింటికీ తిరిగింది. తలుపు తీసిన ప్రతి తండ్రీ ఒకటే మాట అడిగాడు.

"మీ ఇంటి పిల్ల చేరిందా అమ్మా ముందు?"

చేరలేదు. ఇంట్లో పదిహేడేళ్ల చెల్లెలు ఉంది. ఆ చెల్లెలికి ఆసుపత్రిలో నర్సు చదువుకు సీటు ఖాయమైంది. తెల్ల బట్టలు కుట్టించుకుంది కూడా. ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క, "ఒక్క ఏడాది నాతో రా. పిల్లలు చేరాక నీ దారి నీది," అంది. చెల్లెలు సరేనంది. ఆ ఏడాది ఇంకో ఏడాదైంది. తెల్ల బట్టలు ఎవరికో ఇచ్చేశారు. దాని గురించి అక్కాచెల్లెళ్లు ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అందుకే ఆ గడి మీద అంత ఆశ. తాను టీచరుగా పనికొచ్చిందా, లేక ఊళ్లో తండ్రులకు చూపించడానికి కావలసి వచ్చి బల్ల మీద కూర్చోబెట్టిన పిల్ల మాత్రమేనా? ఆ సంగతి చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ మనిషి అబద్ధం రాయదు.

మొదటి ఏళ్లలో అచ్చు పుస్తకాలు లేవు. అక్క దగ్గర ఒక్కో పాఠ్యపుస్తకం ఒక్కో ప్రతే ఉండేది. తొమ్మిది మందీ వాటిని చేత్తో ఎత్తి రాయాలి, వచ్చే ఏడాది పిల్లలు ఆ ప్రతులే చదవాలి. ఎవరి రాత వాళ్లదైతే చదివేవాళ్లు తికమక పడతారని అక్క అందరికీ ఒకే రాత నేర్పింది. నిటారుగా, గుండ్రంగా, తలకట్లన్నీ ఒకే ఎత్తున. మూడు నెలలు చేతులు పట్టుకుని దిద్దించింది. ఆ తర్వాత అచ్చు పుస్తకాలు వచ్చినా అలవాటు పోలేదు. కాలేజీలో చదివినవాళ్లే టీచర్లయ్యారు, వాళ్లు తర్వాతి వాళ్లకు నేర్పారు. ఇరవై ఆరు మంది స్టాఫు, ఇరవై ఆరు చేతులు, ఒకే రాత. సెలవు చీటీ ఎవరిదో తెలియాలంటే కింద పేరు చూడవలసిందే.

*

పుస్తకం తొమ్మిది వారాలకు దొరికింది. ప్రిన్సిపాల్ గదిలో ఇనప బీరువా మధ్య అరలో, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఆ అరను చిన్న టీచరు అంతకు ముందు నాలుగుసార్లు తన చేతులతో ఖాళీ చేసి చూసింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం," అని నవ్వబోయింది వదిన. నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే అప్పటికి చిన్న టీచరు చివరి పేజీ తెరిచింది.

ఆ తొమ్మిది వారాల్లో ముగ్గురమ్మాయిలు ఉద్యోగాలు వచ్చి కాలేజీ విడిచి వెళ్లారు. వాళ్లకు వీడ్కోలు వాక్యం రాసేవాళ్లు లేరు, పుస్తకమూ లేదు. ఇప్పుడు ముగ్గురి గడులూ నిండి ఉన్నాయి, తేదీలతో సహా. ఒక గడిలో ఇలా ఉంది. "ఈమె పిల్లల్ని ప్రేమిస్తుంది, కానీ వెనక వరుస వాళ్లను చూడదు." రెండో గడిలో, "ఈమె ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తుంది, పిలవకపోయినా వెళ్లాలి."

వదిన ఆ రెండోది చదివి కుర్చీలో కూలబడింది. "ఆ పిల్ల అచ్చం అంతే కదే. ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చినా వెళ్లాలా అని నన్నడిగింది."

చిన్న టీచరు మొదటి పేజీకి తిప్పింది. నాలుగో గడి ఖాళీగానే ఉంది. వేలితో తడిమింది. మిగతా గడుల్లో కాగితం దళసరిగా ఉంది, ఆ ఒక్క చోట పలచగా తగిలింది. పాత పుస్తకం కదా అనుకుంది.

కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ బయటి మనిషి. మంచివాడే, కాకపోతే అన్నిటికీ రుజువు కావాలనే రకం. కాలేజీలో అందరూ ఆయన్ని కొత్తాయన అనేవారు. ఆయన పుస్తకం చూసి పళ్లు నూరలేదు, కేకలు వేయలేదు. అద్దాలు తుడుచుకుని, "ఇది మనుషుల పనే. మనిషిని పట్టుకోవడం కష్టం కాదు," అన్నాడు.

మర్నాడు పదకొండు గంటలకు, చదువు రాని గంట తాత తప్ప మిగతా స్టాఫునంతా హాల్లో కూర్చోబెట్టాడు. తెల్ల కాగితాలు ముప్పై తనే లెక్కపెట్టి తెచ్చాడు. ఇరవై ఆరు పంచాడు, నాలుగు మిగిలాయి. వాటిని వదిన చేతికిచ్చి సొరుగులో పెట్టించాడు.

"పేర్లు రాయకండి. పేరు చూసి నేను ఎవరినీ ముందే అనుమానించకూడదు. నేను చెప్పిన వాక్యం రాసి ఇవ్వండి, చాలు. ఎంత ఒకే రాతయినా ఎవరి చేతి వాటం వాళ్లకుంటుంది."

"ఆ వాటం పోగొట్టడానికే కదండీ మా చేతులు వాచిపోయింది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు.

ఆయన చెప్పిన వాక్యం చిన్నది. "ఈ గదిలో ఉన్నవారందరూ ఈ వాక్యం రాస్తున్నారు." రాశారు. కలాల చప్పుడు ఒకేసారి మొదలై ఒకేసారి ఆగింది. కాగితాలు వరస వెంట ముందుకు వచ్చాయి. కొత్తాయన వాటిని సరిచేసి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత వదినను లెక్కపెట్టమన్నాడు.

"ఇరవై ఏడు," అంది వదిన.

సొరుగు లాగి చూశారు. నాలుగు తెల్ల కాగితాలూ అక్కడే ఉన్నాయి.

"ఎవరో రెండు రాసుంటారు," అన్నాడు కొత్తాయన. "సరే, కాగితాలు బల్ల మీద పరుస్తాను. ఎవరిది వాళ్లు తీసుకోండి. మిగిలింది చూద్దాం."

పరిచాడు. ఇరవై ఆరు మంది బల్ల చుట్టూ నిలబడ్డారు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. ఎవరి రాత వాళ్లకు తెలియడం లేదు. పాతికేళ్లు పాఠాలు చెప్పినవాళ్లు, వేల కాగితాలు దిద్దినవాళ్లు, తాము పది నిమిషాల కిందట రాసిన ముక్కను గుర్తుపట్టలేక, దుకాణంలో ధర తెలియని వస్తువును చూస్తున్నట్టు చూస్తున్నారు. చివరికి ఒకామె కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంది. ఆమె తర్వాత మరొకరు. చిన్న టీచరు కూడా ఒకటి తీసుకుంది. అది తనదేనని ఒట్టు పెట్టమంటే పెట్టలేదు.

చివరికి ఒక్క కాగితం బల్ల మీద మిగిలింది. మిగతా వాటికీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మధ్యాహ్నం గంట కొట్టారు, అందరూ క్లాసులకు వెళ్లిపోయారు. కొత్తాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయి, ఎందుకో మళ్లీ అక్కడే పెట్టేశాడు.

ఆ రోజు నుంచి పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఒకటే, అది కొత్తాయన దగ్గర ఉంటుంది.

*

గంట తాత రిటైరయ్యే రోజు వచ్చింది. గోదాం రోజుల్లో రైలు పట్టా ముక్క మీద ఇనప కడ్డీతో కొట్టడం మొదలుపెట్టిన మనిషి. చదువు రాదు, సంతకం వచ్చు. చిన్న సభ అయ్యాక కొత్తాయన అందరి ఎదుటా బీరువా తాళం తీశాడు. తాళం వేసి ఉంచితే ఏమీ జరగదని చూపించడం ఆయన ఉద్దేశం. తాత నంబరు పన్నెండు. పన్నెండో గడి ఉన్న పేజీ తెరిచి, ఆయన అక్కడే ఆగిపోయాడు.

"చదవండి బాబూ," అన్నాడు తాత. "నాకు రాదు కదా."

కొత్తాయన గొంతు సవరించుకుని చదివాడు. "ఇతను ఇన్నేళ్లలో ఒక్కరోజే పావుగంట ఆలస్యంగా గంట కొట్టాడు, ఆ పావుగంట ఎవరు అడిగారో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

తాత టీ గ్లాసు కింద పెట్టి, చెయ్యి కోటుకు తుడుచుకున్నాడు.

"ఏంటి తాతా అది?" అని వదిన అడిగింది.

"రెండో ఏడు. కాలేజీ మూసెయ్యమని పైనుంచి కాయితం వచ్చింది. అమ్మగారు గోదాం వెనక తాళ్లచుట్టల మధ్య కూచున్నారు. నన్ను చూసి, గంట కాస్త ఆపు అన్నారు. ఆపాను. మొహం కడుక్కుని వచ్చి పాఠం చెప్పారు. ఆ కాయితం సంగతి ఆ పిల్లలకు మూడు నెలల దాకా తెలీదు. ఆవిడే ఎక్కడెక్కడికో తిరిగి రద్దు చేయించుకొచ్చింది." తాత చుట్టూ చూశాడు. "ఆ పావుగంట సంగతి నాకూ ఆవిడకూ తప్ప మూడో మనిషికి తెలీదమ్మా. నా ఇంటిదానికి కూడా చెప్పలేదు."

కిటికీ అద్దం మీద ఈగ ఒకటి పైకీ కిందికీ తిరుగుతోంది. ఆ మొదటి తొమ్మిది మందిలో ఒకతెగా చిన్న టీచరు ఆ రోజు క్లాసులో కూర్చుని ఉంది. గంట ఆలస్యమైనందుకు తాము సంతోషించిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది. అక్క లోపలికి వచ్చేసరికి చెవుల పక్కన జుట్టు తడిగా ఉంది. ఎండకు మొహం కడుక్కుందనుకుంది.

అందరూ వెళ్లాక చిన్న టీచరు కొత్తాయన అనుమతి తీసుకుని మొదటి పేజీ తిప్పింది. నాలుగో గడి ఖాళీ. ఈసారి పేజీని ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టింది. ఆ గడి ఉన్న చోట వెలుతురు ఉల్లిపొర లోంచి వచ్చినట్టు వస్తోంది. గీకారు. సన్నగా, ఓపికగా, బ్లేడు అంచుతో సిరాను గీకారు, ఒకసారి కాదు. రాసి గీకి, రాసి గీకి, కాగితాన్ని అలా చేశారు.

అక్క తన జీవితంలో ఎవరినీ తప్పును గీకనివ్వలేదు. ఒక్క గీత కొట్టి పక్కన ఒప్పు రాయాలి, తప్పు ఏమిటో చూసేవాళ్లకు తెలియాలి అనేది. బ్లేడు పట్టుకున్న పిల్లను క్లాసు బయట నిలబెట్టేది. ఆ పుస్తకంలో వందల వాక్యాలున్నాయి, కొట్టివేతలు కూడా ఉన్నాయి. గీకుడు ఈ ఒక్క గడిలోనే ఉంది.

బతికుండగా గీకిందా, ఇప్పుడు గీకుతోందా? పుస్తకం దొరికిన రోజున తడిమినప్పుడు కాగితం ఇంత పలచగా లేదు. ఆ సంగతి వేళ్లకు తెలుసు.

*

ఆ వారాంతంలో చిన్న టీచరు రాజీనామా రాసింది. మూడు వాక్యాలు. నెల తర్వాత విడుదల చేయమని కోరింది.

వదిన ఆ కాగితం చదివి కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుంది. "నీకేమన్నా పిచ్చా? ఒక్క వాక్యం కోసం ఉద్యోగం వదులుకుంటావా?"

"వెళ్లే రోజున రాస్తానంది కదా."

"రాసేది కావాలంటే నేను రాసిస్తా. ఇటు తే పుస్తకం. నా రాతా అదేగా! చిన్న టీచరు బంగారు తల్లి, మజ్జిగలో ఉప్పు ఎక్కువేస్తుంది అని రాస్తా."

"రాత అదే వదినా. మాట అది కాదు."

వదిన గొంతు తగ్గించి, "నాకు భయమేస్తోందే. నువ్వు వెళ్తున్నావని కాదు. ఆవిడ రాసేస్తుందేమోనని," అంది. "రాసేశాక ఆవిడకిక్కడ ఇంకేం పనుంటుంది చెప్పు."

ఆ మాట చిన్న టీచరు చెవిన పడింది, మనసుకు ఎక్కలేదు. ఆ నెలంతా ఆమె తన పని తాను చేసుకుపోయింది. భిన్నాలు చెప్పింది, కాగితాలు దిద్దింది, తన బీరువా ఖాళీ చేసింది. ఉదయం లేవగానే తన వేళ్లు చూసుకోవడం అలవాటైంది. తెలియకుండా తానే లేచి వెళ్లి రాస్తోందా అన్న అనుమానం. వేళ్లకు సిరా ఉండేది కాదు. ఉంటే బాగుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది, కనీసం లెక్క తేలేది.

చివరి రోజున పరీక్షల సెలవులు. పిల్లలు లేరు. వరండాలో కుర్చీలు బల్లల మీద తలకిందులుగా పెట్టి ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు కొత్తాయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను రావడం బాగుండదు. మీరే తీసి చూసుకోండి. నేను ఆఫీసులో ఉంటాను."

వరండా చివర ప్రిన్సిపాల్ గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పది అడుగుల దూరంలో ఉండగా చప్పుడు వినిపించింది. పొడి కాగితం మీద బ్లేడు నడిచే చప్పుడు. రెండుసార్లు గీకి ఆగుతోంది, నోటితో ఉఫ్ అని ఊదినట్టు చిన్న గాలి, మళ్లీ రెండుసార్లు. తొందర లేదు. పిల్లలు పరీక్ష రాస్తుండగా అక్క కుర్చీలో కూర్చుని పెన్సిళ్లు చెక్కేటప్పుడు కూడా అలాగే రెండు గీతలకోసారి ఆగేది.

చిన్న టీచరు తలుపు తోసింది.

గదిలో ఎవరూ లేరు. కుర్చీ బల్లలోకి నెట్టి ఉంది. బీరువా తాళం వేసే ఉంది. తాళం తీసింది. పుస్తకం మధ్య అరలో మూసి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి మొదటి పేజీ తెరిచింది. పేజీల మధ్య కుట్టులో తెల్లటి పొడి పేరుకుని ఉంది, సుద్దపొడి కన్నా మెత్తగా. నాలుగో గడి మధ్యలో కాగితం పూర్తిగా అరిగి బియ్యపు గింజంత చిల్లు పడింది.

పేజీని వెలుతురుకు పట్టుకుంది. చిల్లు చుట్టూ పలచబడిన చోట సిరా నీడలు మిగిలాయి, ఒకదాని మీద ఒకటి, ఎన్నిసార్లు మొదలుపెట్టారో లెక్కలేదు. ఎంత చూసినా ఒక్క మాటే తేలింది. నా. ఆ తర్వాత ఏం రాశారో లేదు, ప్రతిసారీ అక్కడి నుంచే గీకేశారు. ఆ పుస్తకంలో ఏ గడిలోనూ వాక్యం అలా మొదలవదు. అన్నీ ఈమె, ఈమె, ఇతను. నా అని మొదలుపెట్టి ముందుకు పోలేకపోయిన చోటు ఇదొక్కటే.

చిన్న టీచరు అక్క కుర్చీలో కూర్చుంది. ఇంతకాలం అక్క తన వాక్యం రాయదలుచుకోలేదనుకుంది. రాయడానికి ఇంత కష్టపడుతోందని తెలియదు. ఒక్క ఏడాది రా అన్న మాట అక్క మరిచిపోయి ఉంటుందనుకుంది. మరిచిపోయిన మనిషి కాగితానికి చిల్లు పడేదాకా గీకదు.

అప్పుడు ఎక్కింది వదిన అన్న మాట. ఈ రోజు తాను గడప దాటితే అక్క ఎలాగో ఒకలా ఆ వాక్యం పూర్తి చేస్తుంది. మాట ఇచ్చింది కనక చేస్తుంది. చేశాక ఇక ఈ గదిలో చప్పుడు ఉండదు.

భయం వేసింది. ఇన్ని నెలల్లో ఎన్నడూ వేయనంత భయం. అది ఆ చప్పుడు వినిపిస్తున్నందుకు కాదు.

సొరుగులో జిగురు సీసా ఉంది, పలుచని కాగితం ఉంది. గింజంత చిల్లుకు వెనక వైపు నుంచి గోరంత ముక్క కత్తిరించి అతికించింది. అంచులు వేలితో అద్ది, ఆరేదాకా కూర్చుంది. గీకాలన్నా, రాయాలన్నా కింద కాగితం ఉండాలి. పేజీల మధ్య పొడిని ఊదలేదు, అలాగే ఉంచి పుస్తకం మూసింది. బీరువాకు తాళం వేసి ఆఫీసుకు నడిచింది.

కొత్తాయన లేచి నిలబడ్డాడు. "రాసి ఉందా?"

"నా రాజీనామా కాగితం వెనక్కి ఇస్తారా అండీ?"

ఆయన ఆమె ముఖం చూశాడు. వేళ్లకు అంటిన జిగురు కూడా చూశాడు. ఎందుకని అడగలేదు. ఫైలు విప్పి కాగితం తీసిచ్చాడు. వదిన తన బల్ల దగ్గర నుంచి లేవకుండానే, "ఖాళీ చేసిన బీరువా మళ్లీ సర్దడానికి నన్ను పిలవకు," అంది.

"పిలుస్తాను," అంది చిన్న టీచరు.

సెలవులయ్యాక కాలేజీ తెరిచారు. కొత్త జట్టులో నలభై ముగ్గురు చేరారు. వాళ్ల పేర్లు నంబర్లు వేసి పుస్తకంలోకి ఎక్కించింది ఆమే. ఆ ఏడాది విడిచి వెళ్లినవాళ్ల గడులు ఎప్పటిలాగే నిండుతున్నాయి, ఎవరు నింపుతున్నారని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. చిన్న టీచరు రోజూ మధ్యాహ్నం క్లాసు అయ్యాక ప్రిన్సిపాల్ గది ముందు నుంచి నెమ్మదిగా నడిచి వెళుతుంది.

నాలుగో నంబరు ఎదుట వాక్యం ఇంకా రాయలేదు.